మిగిలిపోయిన ఐదు మాటలు

అమెరికాలోని డులూత్‌ ఊళ్లో ఓ హోటల్లో ముప్పై ఎనిమిదేళ్లు ఒక్క ఆర్డరూ కాగితం మీద రాసుకోకుండా వడ్డించిన పెద్దావిడ ఆమె. మెదడుకి రేడియేషన్ ఇచ్చిన నాలుగు నెలలకి జ్ఞాపకశక్తి పరీక్షకొచ్చి, ఆ పరీక్ష పెట్టే అమ్మాయికి ఎదురుగా కూర్చుంది.

“ఇందాక పన్నెండు మాటలు చదివాను కదమ్మా. గుర్తున్నవి చెప్పండి.”

“రంపం, బాతు, నిచ్చెన, దాల్చినచెక్క, పడవ.”

“అమ్మా... వీటిలో ఒక్కటీ ఇవాళ చదవలేదు.”

“మొహం అలా పెట్టకు. మార్చిలో, రేడియేషన్‌కి ముందు చదివావు. ఆ రోజు భయంతో ఏడే చెప్పాను. మిగతా ఐదూ ఇంటికెళ్తుంటే బస్సులో గుర్తొచ్చాయి. పాత కాగితం తీసి చూసుకో.”

అమ్మాయి ఫైలు తిరగేసి, మార్చి నాటి కాగితం తీసి, ఒక్కో మాటా వేలు పెట్టి సరిచూసుకుంది.

“అవేనమ్మా. ఐదుకి ఐదూ. జ్ఞాపకాలు నిలిచే చోట రేడియేషన్ పడకుండా మా డాక్టరుగారు బాగానే కాపాడారు.”

“కాపాడాడు, కాదనను. కానీ కాపాడాల్సినంత సరుకు అక్కడ పెట్టింది నేను.”

“సరే, మరి ఇవాళ్టివి వదిలేసి వీటితో మొదలెట్టారేం?”

“ముందొచ్చిన టేబులుకి పెట్టకుండా వెనకొచ్చినవాళ్లకి నేనెప్పుడూ వడ్డించలేదు తల్లీ. ఇక ఇవాళ్టి పన్నెండూ చెప్తాను. కలం తీసుకో, నువ్వు రాసుకోవాలిగా.”