ఒక్క గుక్క

గుండె ఆపరేషన్ అయిన భర్త గొంతులోంచి గొట్టం తీసి కాసేపే అయింది. మంచం పక్కన భార్య నీళ్ల సీసా పట్టుకుని కూర్చుంది.

“ఒక్క గుక్క పొయ్యవే.”

“పొయ్యను. మీరు సరిగ్గా మింగుతున్నారో లేదో ముందు నర్సు చెంచాతో పోసి చూడాలట.”

“నీళ్లు తాగడానికి పరీక్షేమిటే? నాలుక పిడచకట్టుకుపోతోంది.”

“పొరపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయట. ఆ కుట్లతో దగ్గగలరా?”

“ఇన్నేళ్ల కక్షంతా ఇవాళే తీర్చుకుంటున్నావు.”

“ఏమన్నా అనుకోండి. నర్సు తడిపిచ్చిన దూదితో పెదాలు తుడుస్తాను, అంతే.”

“సీసా ఎదురుగా పెట్టుకుని ఊరిస్తున్నావు. నువ్వు మాత్రం గటగటా తాగుంటావు.”

“మూత తీస్తే కదా! మిమ్మల్ని లోపలికి తీసుకెళ్లినప్పుడు కొన్నది. నాకు గొంతు దిగితేగా.”

అతను సీసా కేసి చూశాడు. మూత సీలు అలాగే ఉంది.

“నర్సుని పిలు. రెండు చెంచాలు తెమ్మను, నీకొకటి నాకొకటి.”