లెక్కలోకి రాని డోసు

(పసిపిల్లల వార్డు బయట నడవా. మడిలోంచి బురదకాళ్లతో వచ్చిన వరి శాస్త్రవేత్త. వార్డులోంచి బయటికొచ్చిన అతని చెల్లెలు; ఆమే అక్కడి డాక్టరు.)

"సూదీ లేదు, గీదీ లేదు. నా కూతురి ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. అంతే!"

"అరవకు అన్నయ్యా. లోపల పిల్లలున్నారు."

"పిల్లలా అవి? నర్సు అద్దంలోంచి చూపించింది. ఎలకపిల్లలు నయం. నాదైతే అరచేతిలో పట్టేట్టుంది."

"కేజీ ఆరువందలుంది. ఎనిమిదో నెలలో పుట్టిన పిల్లకి అదేం తక్కువ కాదు."

"పాల ప్యాకెట్టంత లేని పిల్లకి హెపటైటిస్ టీకానా? సిగ్గుండాలి మీకు."

"ముందు నేను చెప్పేది..."

"నువ్వు చెప్పేదేమిటి, నర్సు చెప్పేసింది. అదీ ఒకటి కాదు, రెండు సూదులట. ఈ తొడకొకటి, ఆ తొడకొకటి. పొడవడానికి అక్కడ తొడలేవీ? అగ్గిపుల్లలున్నాయి."

"నువ్వు ముందు కాళ్లు కడుక్కుని రా. నేలంతా బురద చేశావు."

"బురదనేం అనకు. ఆ బురదే మీకు అన్నం పెట్టేది."

"నీ బురద ఇంకా ఎవరికీ పెట్టలేదులే. సగం నీళ్లకే పండే వరి, ఏ తెగులూ సోకని వరి అంటూ నా పెళ్లప్పటి నుంచీ ఊదరగొడుతున్నావు. నా కొడుకు బడికెళ్తున్నాడు, నీ విత్తనం ఇంకా నీ గేటు దాటలేదు."

"దాటుతుంది. ఈసారి ఆరుతడి మీదే వెన్ను తీసింది. మడిలో నీళ్లు నిలబెట్టలేదు, తెలుసా? నీకేం తెలుస్తుంది, వరిని కంచంలో తప్ప చూసిన మొహం కాదు."

"కంచంలో కూడా చూశాం. అమ్మ ఆ అన్నం తిని పూటంతా దవడ పట్టుకుని కూర్చుంది."

"అది పాత రకం! ఆ ముక్క ఎన్నాళ్లు సాగదీస్తావు?"

"నేను సాగదీయలేదు, నీ అన్నమే సాగింది. అవతల వదిన నొప్పులు పడుతుంటే నువ్వెక్కడున్నావు?"

"మడిలో. పూత సమయం. వరి పువ్వు పొద్దుటిపూట కాసేపే విచ్చుకుంటుంది. మా ఆవిడ నొప్పులు పడుతోంది, రేపు విచ్చుకో అని దానికి చెప్పనా?"

"చెప్పకు. పువ్వుకున్న పాటి విలువ పెళ్లానికి లేదని వదినకి చెప్పు."

"మాట మార్చకు. నా కత్తెర చూశావా నువ్వెప్పుడైనా?"

"నీ కత్తెర గొడవ ఇప్పుడెందుకు?"

"అందుకే విను. ఎండాకు తెగులు పట్టిన ఆకుల్ని నీళ్లలో నానబెడతాను. కత్తెర ఆ నీళ్లలో ముంచి, ప్రతి దుబ్బుకీ ఆకు కొసలు కత్తిరిస్తాను. తట్టుకున్నది నిలుస్తుంది. తట్టుకోలేనిది కొసనుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. దాన్ని పీకి గట్టు మీద పారేస్తాను."

"అయితే?"

"అయితే ఏమిటి? మీరు చేసేదీ అదే. రోగాన్ని ఒంట్లోకి ఎక్కించి ఎవరు నిలుస్తారో చూడ్డం. నిలిచినవాళ్లని చంకనేసుకుని ఫొటోలు దిగుతారు. నిలవనివాళ్ల మాటో? గట్టు మీద ఎన్ని పారేశానో నాకు తెలుసు. లేతవే ముందు పోతాయి. నా పిల్లని ఆ వరసలో నిలబెట్టను."

"భయమేస్తోందని సూటిగా చెప్పొచ్చుగా."

"భయమా? నాకా? మీ వైద్యమంటే రోత!"

"ఇంత చదువు చదివి, ఇన్ని మొక్కలకి రోగాలు అంటించి, టీకాలో ఏముంటుందో తెలుసుకోలేదా నువ్వు? ఇందులో రోగం లేదన్నయ్యా. ఆ క్రిమి పైపొట్టు లాంటి ముక్క ఒక్కటే ఉంటుంది. గింజ లేదు, ఉత్త పొట్టు. పొట్టు చల్లితే మొలుస్తుందా?"

"ఏమో, మీ ఆసుపత్రిలో మొలుస్తుందేమో."

"నీ మడిలో చెప్పు. మొలుస్తుందా?"

"మొలవదు. ఆ సంగతి నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

"ఆ పొట్టు చూసి పిల్ల ఒళ్లు శత్రువుని గుర్తుపడుతుంది. అంతవరకే. రెండో సూది టీకా కూడా కాదు. క్రిమిని పట్టుకునే బలం, వేరేవాళ్ల రక్తంలోంచి తీసింది. పిల్ల సొంత బలం వచ్చేదాకా అరువు."

"అరువు బలం! బాగుంది సంబడం. మరి రెండు కేజీల్లేని పిల్లకి ఇచ్చిన టీకా లెక్కలోకి రాదట కదా? తర్వాత మళ్లీ మూడు పొడవాలట. మీ నర్సే అంది. లెక్కలోకి రానిది పొడవడం దేనికమ్మా, చెయ్యి దురద తీరడానికా?"

"నీ మడి చుట్టూ అంచు వరసలు వేస్తావా, లేదా?"

"వేస్తాను."

"కోతప్పుడు వాటి గింజలు దిగుబడి లెక్కలో వేస్తావా?"

"ఎందుకు వేస్తాను? అవి గాలికీ పురుగుకీ ముందు తగిలే వరసలు."

"అయితే పీకి పారెయ్. లెక్కలోకి రానివి దేనికి?"

"పీకితే లోపలి వరసలు... ఓహో, పెద్ద తెలివి! పిల్లనీ వరినీ ఒకే గాటన కడతావా?"

"ఇందాకణ్ణించీ కడుతున్నది నువ్వు. ఇంత నెలతక్కువ పిల్లకి టీకా అందుకునే శక్తి చాలదు. అందుకే ఈ డోసుని లెక్కపెట్టం. కానీ పనికిరాదని మానెయ్యం."

"డాక్టర్‌గారూ, ట్యూబులు తెచ్చాను. ఇక్కడే తీసుకుంటారా?"

"ఒక్క నిమిషం ఆగు సిస్టర్."

"చూశావా, నేనిక్కడుండగానే ట్యూబులు! పోనీ ఇది చెప్పు. పక్క అద్దాల పెట్టెలో పిల్లకి ఈ టీకా ఇప్పుడే వెయ్యరట, బరువు పెరిగేదాకా ఆగుతారట. నాదే దొరికిందా మీకు?"

"ఆ పిల్ల తల్లికి రోగం లేదు."

"అంటే?"

"వచ్చినప్పటి నుంచీ నువ్వు నన్ను చెప్పనివ్వంది అదే. వదినకి హెపటైటిస్ బి ఉంది. కాన్పుకి తెచ్చినప్పుడు చేసిన పరీక్షలో బయటపడింది. కాన్పులో తల్లి రక్తంలోంచి బిడ్డకి సోకుతుంది. ఇంత చిన్నప్పుడు సోకితే వదలదు, పెద్దయ్యాక కాలేయాన్ని తినేస్తుంది. అందుకే బరువు చూస్తూ కూర్చోం. పుట్టిన పూటే ఇవ్వాలి."

"మా ఆవిడకా? రోగమా?"

"అన్నయ్యా, కూర్చో."

"కూర్చోను. నేను అనుకుంటూనే ఉన్నాను."

"ఏమనుకున్నావు?"

"వాళ్ల పుట్టింటి సరుకే అంత. మామగారి మొహం చూశావా, వెలిసిపోయిన గోడలా ఉంటుంది. ఆ బావమరిది మెట్లెక్కితే ఆయాసం. మనకి అంటగట్టి చేతులు దులుపుకున్నారు."

"నోటికొచ్చినట్టు వాగకు."

"విత్తనం మంచిది కాకపోతే పైరెలా వస్తుంది? మన వైపు చూడు. తాతయ్యకి లేదు, నాన్నకి లేదు, నాకు లేదు."

"పరీక్ష చేయించారా?"

"చేయించడమెందుకు, మనిషిని చూస్తే తెలియదూ?"

"కొత్త విత్తనం వస్తే చూసి చల్లుతావా, పరీక్ష చేసి చల్లుతావా?"

"విత్తనం సంగతి వేరు."

"నువ్వెప్పుడు చేయించుకున్నావు?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

"మొన్న వానల్లో గుండ్రాయి నెల్లాళ్లు మంచం దిగలేదుగా."

"అది ఎండదెబ్బ."

"వానల్లో ఎండదెబ్బా?"

"పొలంలో తిరిగేవాడికి ఏ దెబ్బైనా తగులుతుంది! ఇప్పుడు నా గొడవ దేనికి? సరే, నీ మాట కాదనను. పిల్లకి వెయ్యండి, రెండూ వెయ్యండి. కానీ మీ వదినకి చెప్పు. నయమయ్యేదాకా పుట్టింట్లో ఉండమను. తెచ్చినవాళ్లే బాగు చేయించుకుంటారు. నా ఇంట్లో అయితే తన కంచం వేరు, గ్లాసు వేరు. పిల్లకి పాలివ్వడానికి వీల్లేదు."

"కంచాల్లో గ్లాసుల్లో ఇది రాదు. రక్తంలో వస్తుంది. ఒకరికి వాడిన సూదిలో, గడ్డం గీసే బ్లేడులో, మొగుడూ పెళ్లాల మధ్య వస్తుంది. సూదులు పడ్డ పిల్లకి తల్లి పాలు నిక్షేపంగా ఇవ్వచ్చు."

"ఎంతైనా నువ్వు ఆవిడ పార్టీయే. ఇప్పుడా పాఠాలన్నీ దేనికి? పూట దాటకూడదన్నావుగా, వెళ్లి సూది వెయ్యి ముందు."

"వేసేశాం. నువ్వు రాకముందే. వదిన ఒప్పుకుంది. ‘ఆయన వచ్చి అరుస్తారు, ఆయన కోసం ఆగకండి’ అంది."

"నన్నడక్కుండానా? మరి ఇంతసేపూ నా చేత ఈ వాగుడంతా దేనికి వాగించావు?"

"నేను వాగించలేదు, చెప్పబోయినప్పుడల్లా నువ్వే అడ్డం తగిలావు. నేను బయటికొచ్చింది నీ కోసం. చొక్కా చెయ్యి పైకి మడత పెట్టు, రక్తం తీసుకోవాలి."

"నాకెందుకు? రోగం ఆవిడది, ఆవిడ పుట్టింటిది!"

"వదినకి మూడో నెలలో ఇదే పరీక్ష నేనే దగ్గరుండి చేయించాను అన్నయ్యా. అప్పుడు లేదు."