తుర్దికుల్ కొలిచిన రాయి

కర్షీలో మా గ్యాస్ ల్యాబు ముంగిట, మల్బరీ చెట్టుకింద చెక్కమంచం మీద కూర్చున్నాం. పరీక్ష బావిలోంచి తీసిన రాతిముక్కని తుర్దికుల్ వారమంతా కొలిచాడు. ఆ రాయి గ్యాసుని కాస్తయినా పారనిస్తేనే అక్కడ తవ్వకం మొదలవుతుంది. లేకపోతే మా డ్రిల్లింగు ముఠా నలభైమందిమీ చలికాలమంతా పనికోసం సైబీరియా వెళ్ళి గడ్డకట్టుకుపోవాల్సిందే.

"చెప్పన్నా, పారుతుందా?" అన్నాను.

"ఆగరా ఎరాలీ, చెప్తున్నాగా! ముప్పై ఏళ్ళనుంచి రాళ్ళు కొలుస్తున్నాను, ఇలాంటి మొండిఘటాన్ని చూళ్ళేదు. మన పనేంటి? రాయికి ఇటువైపు గ్యాసు కొట్టి, అటువైపు ఎప్పుడు తేలుతుందో చూడటం. మామూలు రాయికి ఒక టీ తాగేంత సేపు. దీనికి? సోమవారం కొట్టాను, బుధవారం దాకా ముల్లు కదిలితే ఒట్టు! ఇంకొకడైతే చేతులెత్తేసేవాడు. నేనా? గది వేడి ఏమాత్రం మారినా లెక్క చెడుతుంది గదా, తలుపు గడియపెట్టి, ఈగల్ని తరిమేసి, నా ఊపిరి వేడి కూడా తగలకూడదని ముక్కు మూసుకుని కూర్చున్నాను."

"ఎంతసేపు?" అంది సనోబర్ అక్క, టీ పోస్తూ. యంత్రంలో రాళ్ళు అమర్చేది ఆవిడే.

"ఎంతసేపేంటమ్మా, గురువారం దాకా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? యంత్రానికి చెవి ఆనించాను. లోపల గ్యాసు అణువులు 'నువ్వు పో' అంటే 'నువ్వు పో' అని తోసుకుంటున్నాయి. ఒకటి సగం దూరం వెళ్ళి, నావల్ల కాదు బాబోయ్ అని వెనక్కొచ్చేసింది. దాని ఆయాసం నా చెవులారా విన్నాను!"

"ఒక్కటైనా బయటపడిందా అన్నా?" అన్నాను.

"పడింది! ఒకే ఒక్కటి, ఇవాళ పొద్దున. లోపలికెళ్ళింది తాత, బయటికొచ్చింది మనవడు! 'మా తాత మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు' అంది పాపం."

అందరూ విరగబడి నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

"అంటే తవ్వకం లేనట్టేనా?"

"ఎక్కడి తవ్వకంరా అబ్బీ! భూమ్మీదే ఇంత బిగువు రాయి లేదు. రేపే ఆఫీసుకి రాసిచ్చేస్తున్నా. దానికి నా పేరే పెడతారు చూడు!"

"రాసివ్వకన్నా," అంది సనోబర్ అక్క. "యంత్రం ఎక్కడైనా కారుతోందేమో చూద్దామని సోమవారం నువ్వు రాకముందే లోపల గ్యాసు చొరబడని ఉక్కుముక్క బిగించాను. వారమంతా నువ్వు కొలిచింది దాన్నే. రాయి నా సొరుగులోనే ఉంది."

తుర్దికుల్ నోరు తెరుచుకుపోయింది. "మరి చెప్పొద్దూ!"

"ఎలా చెప్పను? ఎంత బాదినా తలుపు తియ్యలేదుగా!"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ చేతిలో టీ కూజా లాక్కుని తుర్దికుల్ గిన్నెని అంచుదాకా నింపేశాను. మా దగ్గర సగం పోస్తేనే మర్యాద, నిండా పోశామంటే తాగి బయల్దేరమని.

తుర్దికుల్ గిన్నె వంక చూశాడు, నా వంక చూశాడు, చెప్పులు వెతుక్కున్నాడు.