వెనక బెంచీలో లెక్కల టీచరు

పంతొమ్మిది వందల తొంభై మూడు జూన్ పద్నాలుగున మన పాఠశాలలో గణితోపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించిన తాడు మేడమ్ గారు (ఈ పేరు పిల్లలు పెట్టిందే, వారు మురిసిపోతూ ఒప్పుకున్నదే) మొదటి వారంలోనే సుద్దముక్కను పిల్లల చేతికిచ్చి, తాము వెనక బెంచీలో ఆసీనులయ్యారు. సూత్రాన్ని ముందే చెప్పి వల్లె వేయించడం కన్నా, తాడుతో కొలిచి, తమలో తాము వాదించుకుని పిల్లలే దాన్ని కనిపెట్టాలన్నది వారి దృఢ విశ్వాసం. ఆ వాదనలకు పక్క గదిలోని చరిత్ర మాస్టారి చెవులు చిల్లులు పడేవి.

అప్పటి ప్రధానోపాధ్యాయులు ఓపిక నశించి, "తనిఖీకి వస్తున్నారమ్మా. వాళ్ల ముందు పరువు పోయిందా, ఈ తాళ్లాట ఇక కట్టిపెట్టాల్సిందే" అని తేల్చిచెప్పారు.

తనిఖీ రోజున పిల్లలు జట్లుగా కూర్చుని పళ్లెం, బకెట్టు, నీళ్ల కుండల చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తున్నారు. అందరికీ మూడూ చిల్లర వస్తే, కుండ జట్టుకు మాత్రం నాలుగు దాటింది. ప్రధానోపాధ్యాయుల ముఖాన నెత్తురుచుక్క లేదు.

"తప్పెక్కడుందో చెప్పేయండి మేడమ్" అన్నారు తనిఖీ అధికారి.

చెప్పేయాలని ప్రాణం కొట్టుకుంటున్నా మేడమ్ గారు ఉగ్గబట్టుకుని, "వాళ్లే చెప్తారండీ, కాస్త ఆగండి" అన్నారు.

క్లాసులో ఏనాడూ నోరు విప్పని ఒక అమ్మాయి కుండను అటూ ఇటూ తిప్పి చూసి, "అయ్యో! పొట్ట చుట్టూ తాడు చుట్టి, అడ్డం మాత్రం మూతి దగ్గర కొలిచామే!" అని అరిచింది. అధికారి పకపకా నవ్వి, తామూ ఒక తాడు అందుకుని పిల్లల మధ్య చతికిలబడ్డారు. ఆ తర్వాత తాళ్లాట ఆపమని ఎవరూ అనలేదు.

అనంతరకాలంలో గణిత విభాగానికి అధిపతిగా, యువ ఉపాధ్యాయులకు మార్గదర్శిగా ఎదిగినా వారు ఆ బెంచీని వదల్లేదు. ఇంట్లోనూ అదే వరస. "ఉప్పు డబ్బా ఎక్కడా అంటే, 'ఎక్కడుండొచ్చో మీరే ఆలోచించండి' అంటుంది. ఈలోగా కూర చల్లారిపోతుంది" అని భర్తగారి మొర.

తాము పదవీ విరమణ చేసి వెళ్లిపోతే పిల్లలు మళ్లీ వల్లెవేతలో పడిపోతారేమోనన్న దిగులు కొంతకాలంగా మేడమ్ గారిని తొలుస్తోంది. మొన్న చివరి పాఠం ముగిశాక పిల్లలు, "రేపట్నుంచి మాకెవరు చెప్తారు మేడమ్?" అని అడిగారు. అలవాటు కొద్దీ "మీరేమనుకుంటున్నారు?" అనబోయి, మధ్యలోనే ఆగి, బల్ల మీది తాడును చుట్ట చుట్టసాగారు. అది చూసిన ఒక పిల్ల, "మేమే వెతుక్కుంటాంలే మేడమ్. మీరొచ్చి వెనక కూర్చోండి, చాలు" అంది. మేడమ్ గారు అందరి ముందే కళ్లు తుడుచుకున్నారు.

వారు ఏ నలతా లేకుండా, తీరిగ్గా, భర్తగారితో నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలనీ, ఆ ఉప్పు డబ్బా జాడ అప్పుడప్పుడైనా చెప్పాలనీ మనసారా కోరుకుంటున్నాం. వెనక బెంచీలో వారి చోటు మాత్రం వారిదే.