తువ్వాల వేసిన సీటు

ఖమ్మంలో భద్రాచలం బస్సు కిటకిటలాడుతోంది. రాములవారి దర్శనానికి బయలుదేరిన పెద్దామెకు ఒక్క ఖాళీ సీటే కనిపించింది. దాని మీద తువ్వాల పరిచి ఉంది. పక్కన కిటికీ దగ్గర ఒక గూడెపామె కూర్చుంది.

"ఈ తువ్వాల ఎవరిది చెల్లె?"

"మా ఇంటాయనదక్కా."

"బస్సు కదిలె గదా, ఏడి మరి?"

"మొన్న ఈడికి వచ్చేటప్పుడు జరంతోని తన ఒళ్లు కాలిపోతున్నా, కిటికీలకెల్లి ఇదే ఏసి నాకు సీటు పట్టిండు. తను నిలబడే వచ్చిండు."

"ఇప్పుడు దవాఖానాల ఉన్నడా?"

"నిన్న పానం పోయింది. ఈడనే మట్టి చేసిన. పానాన్ని తన బట్ట మీద కూసోబెట్టి ఇంటికి తోలుకపోవాలె. మా గూడెంల గదే ఆచారం."

"రామా! గిట్లెందుకు జేస్తవయ్యా?"

"నీ మోకాళ్లు వణుకుతున్నయ్. కూసో అక్కా. ఆయనకు నిలబడుడు అలవాటే."

పెద్దామె పైకడ్డీని గట్టిగా పట్టుకుంది.

"వద్దు చెల్లె. ఈసారన్న ఆయనను కూసోనియ్యి."