ఎసరు కాగని శుక్రవారం

జహ్రా ఊరు దాటాక అరబ్బు దేశపు ఎడారి. చలికాలం, శుక్రవారం మధ్యాహ్నం. చాప పక్కన చిన్న గ్యాసు పొయ్యి.

“వేణీ! ఇచ్చేశాడే! హవల్లీ గది మనకే ఇచ్చేశాడు! బిల్డింగు కాపలా చూసే హారిస్ ఇప్పుడే మెసేజ్ పెట్టాడు.”

“ఒట్టు? మనిద్దరికేనా బావా?”

“మనిద్దరికే. ఓ గది, ఓ వంటిల్లు, ఓ బాత్రూము.”

“పొద్దున్నే బాత్రూము ముందు తువ్వాలేసుకుని నిలబడక్కర్లేదా?”

“అక్కర్లేదు.”

“గట్టిగా నవ్వుకోవచ్చా?”

“కిందింటివాళ్లు పైకొచ్చేదాకా నవ్వు.”

“మరి అక్కో?”

“వదినేమందీ? ‘మన నలుగురికీ నువ్వొక్కదానివే ఓ పూట వండిపెట్టు, అప్పుడు వేరే కాపురం సంగతి చూద్దాం’ అంది. ఇవాళ వండేస్తున్నావుగా.”

“ఎక్కడ వండుతున్నాను? మంట చూడు, అగరొత్తికున్నంత లేదు. ఇందాకట్నించీ ఎసరే కాగట్లేదు. వాళ్లు బయల్దేరారా?”

“ఆయ్. అన్నయ్య కారు తీశాడంట.”

“బాబోయ్! సిలిండర్‌లో గ్యాసు లేదేమో.”

“నిన్నే మార్పించాను. ఎత్తి చూడు, నడుం పట్టేస్తది.”

“గాలికేమో? ఆ ఐస్‌బాక్సు ఇటు అడ్డం పెట్టు.”

“పెట్టాను. అలాగే ఉంది. పొయ్యి జెట్ కన్నంలో ఇసుక పడిందేమో. ముందు ఆర్పెయ్. ఆ చీర పిన్నీసియ్యి.”

“పిన్నీసు పెట్టి పొడిస్తే కన్నం పెద్దదైపోద్ది! ఊదు చాలు.”

“ఊదాను. ఇప్పుడు వెలిగించు. ...మళ్లీ అదే మంట. పోనీ కుబ్బూస్ రొట్టెలు కొనుక్కొచ్చి, మనమే చేశామందామా?”

“అక్కతో? ఆవిడ వాసన చూసి ఏ బకాలా కొట్లో కొన్నామో చెప్పేస్తది. బావా, నువ్వు సిలిండర్ నాబ్ ఎలా తిప్పావు?”

“ఎలా ఏంటి? తిప్పాను.”

“అదే, ఎలా?”

“గిర్రున. మగాళ్లు తిప్పినట్టు.”

“అప్పటికి పొయ్యి నాబ్ మూసుందా?”

“తెరిచే ఉంది. ఓ చేత్తో లైటర్ పట్టుకునీ...”

“అయ్యో, అందుకేరా దేవుడా! గ్యాసు ఒక్కసారి దూకేసరికి పైపు తెగిందనుకుని రెగ్యులేటర్ బిగుసుకుపోయింది. కొన్నప్పుడు షాపులో ఆ మలయాళీ ఆయన చెప్పాడుగా!”

“నాకెప్పుడు చెప్పాడు?”

“నువ్వప్పుడు అక్కడ అమ్మకానికి పెట్టిన టెంటులో దూరి పడుకుని చూస్తున్నావు.”

“పొడుగు సరిపోద్దో లేదోనని...”

“సరేలే. రెండు నాబ్‌లూ కట్టెయ్. రెగ్యులేటర్ ఊడదీసి కాసేపు ఆగు. ఆఁ, ఇప్పుడు బిగించు. పొయ్యి నాబ్ ముట్టుకోకు. ముందు సిలిండర్. మెల్లగా.”

“ఎంత మెల్లగా?”

“పెళ్లయ్యాక మొదటిసారి నా చెయ్యెలా పట్టుకున్నావు?”

“భయం భయంగా.”

“అంత మెల్లగా.”

“...ఇలాగా?”

“అలాగే. ఇప్పుడు నాబ్ తిప్పు, నేను వెలిగిస్తాను. చూశావా! నీలంగా, ఎంత బాగుందో!”

“ముద్దొస్తోంది.”

“మంటా?”

“మంట కూడా.”

“చాల్లే, ముందు కోడిముక్కలందుకో!”

*

“చినబాబూ, పొయ్యి వెలిగిందా? దారిలో షవర్మా కొందామని మీ అన్నయ్య ఒకటే గొడవ. నేనే వద్దన్నాను.”

“వెలగడమేంటి వదినా, పలావ్ కూడా అయిపోయింది. కూర్చోండి.”

“ఇదిగో అక్కా, ముందు మీకే.”

“అడుగంటిందా?”

“లేదక్కా.”

“ఉప్పు?”

“తిని చెప్పండక్కా.”

“ఊఁ... ఊఁ.”

“అక్కా?”

“ఉండవే. మాట్లాడించకు. ఇంకో గరిటె వెయ్యి.”

“వదినా, మరి మా సంగతి... ఖలాసేనా? తేలిపోయినట్టేనా?”

“ముక్క కూడా వెయ్యి వేణీ. మీ బావగారికి చాల్లే, ఆయన నాలుగోసారి పెట్టించుకున్నాడు. ఏంటి చినబాబూ, హారిస్ గది ఇచ్చేశాడా?”

“ఆయ్, ఇందాకే. నీ మాట కోసమే ఆగాం.”

“మాట తప్పుతానా? వెళ్లండి.”

“అక్కా! నిజంగానా?”

“నిజంగానే. ఇంట్లో ఉన్న ఆ తెలుపు రైస్ కుక్కర్ కూడా తీసుకెళ్లండి. ఎంత బాగా వండావే పిల్లా! ఈ దేశమొచ్చిన దగ్గర్నించీ ఒకరు వండిపెడితే కూర్చుని తిన్నది ఇదిగో, ఇవాళే.”

“ఎప్పుడైనా రండక్కా, మీకు కాకపోతే ఎవరికి వండుతాను?”

“ఎప్పుడో ఎందుకూ? చినబాబూ, రేపు మీ సామాన్లతోపాటు నా పెట్టె కూడా కార్లో పెట్టండి. మీ అన్నయ్య సొంతంగా వండుకోడం నేర్చుకునేదాకా నేనూ హవల్లీలోనే ఉంటాను.”