గోరువెచ్చటి నీళ్ళు

అబ్బే, ఆవిడ చెప్పినవన్నీ రాసుకోకండి డాక్టరమ్మా. కాగితం దండగ.

ఇందాక మీ ముందు ముక్కు చీదుకుంటూ చెప్పింది చూశారూ, మా ఆడపడుచు, అదంతా వైద్యమనుకున్నారా? ఇరవై రెండేళ్ళుగా మా ఇంట్లో నడుస్తున్న భాగోతం అది. అందుకే ఆవిణ్ణి బయట బల్ల మీద కూర్చోబెట్టి, నేను చెబుతాను ఉండమ్మా అని వచ్చాను. ఆ తలుపు అలాగే వేసి ఉంచండి. ఆవిడ ఏడుపులో మీకు పిల్లి గుండె చప్పుడు వినబడదు.

ఉండండి, నేను పట్టుకుంటాను. తువ్వాలు ఇలా చుట్టనా? కదలకే బొత్తాం, కదలకు.

బొత్తాం అండీ, దీని పేరు. పేరు చూడండి! మా ఆడపడుచు టైలరు షాపుకి కాజాలు తీసి బొత్తాలు కుట్టి ఇస్తుంది. నాలుగేళ్ళ కిందట గుడ్డపీలికల పెట్టెలో కుయ్యోమంటూ దొరికింది ఇది. అప్పుడు బొత్తాల డబ్బాలో పట్టేసేది. ఇక చూస్కోండి, మొగుడా లేడు, పిల్లలా లేరు, ఆవిడకి పిల్లా ఇదే, పెద్దా ఇదే.

ఏం పెట్టారంటారా? అదే కదా చెబుతున్నా.

మొన్న సాయంత్రం గోడ దూకి వచ్చింది, ముందుకాలు ఎత్తిపట్టి కుంటుకుంటూ. పక్కింటి గండుపిల్లితో తగువు పడి ఉంటుంది. నిన్నటికి కాలు వాచింది, చెవులు కాలిపోతున్నాయి, పాలు ముట్టలేదు. అంతే! మా మెట్ల మీద ఎన్ని వాటాలున్నాయో అన్ని వాటాల్లోనూ వైద్యులు నిద్ర లేచారు.

కింద వాటా బస్సు డ్రైవరు, దాన్ని చీకటి గదిలో పెట్టి పలకరించకండి అన్నాడు. పై వాటా లెక్కల టీచరమ్మేమో అద్దం ముందు కూర్చోబెట్టమంది. ఇంకో పిల్లి తోడున్నట్టు కనబడి ధైర్యం వస్తుందట! ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి మరీ పైకొచ్చాడు సలహా చెప్పడానికి. చెప్పేవాడికి వినేవాడు లోకువ, వినేవాడికి ఆ పిల్లి లోకువ.

వీళ్ళందరికీ పెద్ద తలకాయ మా ఆడపడుచుగారు. ఆవిడ దగ్గర ఒక పాత కొలతల పుస్తకం ఉంది. ముందు పేజీల్లో ఎవరెవరివో నడుములూ భుజాలూ, వెనక పేజీల్లో వైద్యాలు. పంటినొప్పికి లవంగం. ఎక్కిళ్ళకి చెంచా పంచదార. నిద్ర పట్టకపోతే అరికాళ్ళకి నూనె. మొగుడు అలిగితే... అవునండీ, దానికీ మందుంది అందులో! అలిగిన మొగుడి చొక్కా బొత్తాం ఒకటి ఊడదీసి, చొక్కా ఒంటి మీద ఉండగానే ఎదురుగా నిలబడి కుట్టాలట. సూది గుండెల మీద ఉంటుంది కనక కదలలేడు, దగ్గరగా ఉంటుంది కనక మాట కలుస్తుంది. ఈ చిట్కా పట్టుకుపోయి పక్క వీధి వాళ్ళ కోడలు కాపురం నిలబెట్టుకుందని చెప్పుకుంటారు.

"మరి నీ మొగుడి చొక్కాకి ఎందుకు కుట్టలేదే అమ్మాయ్?" అన్నాను నేను, ఒకసారి, నలుగురిలో.

ఆయన చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన మనిషి. అప్పటికి ఆరేళ్ళయింది. ఆవిడ దారం పంటితో తెంపింది, అంతే. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు డాక్టరమ్మా, ఇంటిల్లిపాదీ నన్ను మెత్తటి మనిషి అంటారు. మెత్తగానే అన్నాను ఆ మాట కూడా.

చిగుళ్ళా? చూశాను. పొద్దున తొమ్మిదింటికి చూశాను. మట్టిరంగుకి తిరిగాయి. ముఖం కూడా అప్పుడే ఉబ్బడం మొదలెట్టింది.

ఆవిడ చేసిందల్లా చెబుతాను, వినండి. ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి కాలికి కాపడం. పుండు మీద ఇంత తేనె. చెవులకి తడిగుడ్డ. రాత్రంతా ఒళ్ళో వేసుకుని కూర్చోవడం. ఇదీ వైద్యం! ఇప్పుడేమో తన కాపడం వల్లే విషం పైకెక్కిందని తలబాదుకుంటోంది. "నా చేతులతో నేనే చంపుకుంటున్నాను వదినా" అని ఆటోలో ఒకటే గోల.

నేను దాని మీద తువ్వాలు సర్దాను. ఏమంటాను?

మా ఇల్లు అలాంటి ఇల్లు కాదండీ. మా ఆయన మందుల షాపులో ముప్పై ఏళ్ళు పని చేశారు. బిస్కెట్ల రేకు డబ్బా నిండా మందులు, ఏ మాత్ర దేనికో ఆయన చేత్తో రాసి అంటించిన చీటీలు. మా ఇంట్లో ఎవరికి ఏ ఏడు ఏ జబ్బు చేసిందో నన్నడగండి, మా మామగారి చెవిపోటు దగ్గర్నుంచి చెబుతాను. ఏ మాత్రతో తగ్గిందో కూడా చెబుతాను. లవంగాలతో, తేనెతో తగ్గినవి ఒక్కటీ లేవు.

ఏ వైద్యం చెప్పినా చివర్న ఆవిడ అనే మాట ఒక్కటే: "గోరువెచ్చటి నీళ్ళు తాగు." జ్వరమా, తాగు. కడుపునొప్పా, తాగు. ఉద్యోగం పోయిందా, తాగు! మా ఆయన పోయినప్పుడు మూడు రోజులు నేను పచ్చి గంగ ముట్టలేదు. ఆ గ్లాసు పట్టుకుని నా మంచం పక్కనే కూర్చుంది, చల్లారితే వెళ్ళి మళ్ళీ వెచ్చబెట్టుకొచ్చి. ఎన్నిసార్లు తెచ్చిందో! విసుగొచ్చి తాగాను. విసుగొచ్చే తాగానండీ, ఇంకేం కాదు.

ఏంటీ? మాత్రలా?

మాత్ర ఇచ్చేపాటి తెలివి ఆవిడకెక్కడిది! ముట్టుకోదు. "అవి వేడి చేస్తాయి వదినా" అంటుంది.

జ్వరం మాత్రా? ఎందుకలా అదే పనిగా అడుగుతున్నారు?

పిల్లికి... విషమా? జ్వరం మాత్రా? చంటిపిల్లలకి వేస్తామే! మనిషికి మందయింది పిల్లికి విషం ఎలా అవుతుందండీ? రక్తం రంగు మారిపోతుందా... చిగుళ్ళు... ముఖం...

లేదండీ. ఎవరూ ఇవ్వలేదు. దేవుడి మీద ఒట్టు పె...

ఒట్టు వద్దు లెండి.

పొద్దున దణ్ణం పెట్టుకోవడానికి కూర్చున్నాను, ఒక్క మాట రాలేదు నోట్లోకి. పాతికేళ్ళుగా రోజూ చదివేవి, ఒక్కటీ రాలేదు.

విరుగుడు ఉందా? ఉందా తల్లీ? ఎన్ని గంటల్లోపు ఇవ్వాలి? ఇప్పుడు టైమెంత, పదిన్నరా?

ఆరింటికి. పొద్దున ఆరింటికి, డాక్టరమ్మా. అర మాత్ర. రెండు చెంచాల మధ్య నలిపి నిన్న మిగిలిన పాలల్లో కలిపాను. ముట్టలేదు. వేలితో తీసి పళ్ళకి రాశాను, మింగింది. నా వేలు కదా, నమ్మి మింగింది.

ఆవిడ పాలప్యాకెట్టుకి వెళ్ళింది అప్పుడు. ఆవిడ ఇంట్లో ఉంటే ఇవ్వనిచ్చేది కాదు. అందుకే ఆవిడ మెట్లు దిగేదాకా ఆగాను. చెప్పులు కింద గేటు దాకా వెళ్ళిన చప్పుడు విన్నాక డబ్బా తీశాను.

ఎందుకంటారా? తగ్గాలనేనండీ! మీరు నమ్మకపోయినా సరే. నేను పైకి ఛీ ఛీ అంటాను గానీ, మధ్యాహ్నం ఆవిడ మిషను తొక్కుతుంటే ఇది వచ్చి నా మోకాళ్ళ మీద పడుకుంటుంది. ఆవిడ లేచేటప్పటికి దింపేస్తాను. కుంటుతుంటే చూడలేకపోయాను.

అదొక్కటే కాదు. రాసుకుంటున్నారుగా, ఇది కూడా రాసుకోండి. సాయంత్రానికి ఇది లేచి తిరిగితే అనడానికి ఒక మాట సిద్ధం చేసుకున్నాను. "చూశావా అమ్మాయ్, నీ కాపడాలు రెండు రోజులు చెయ్యలేనిది నా అర మాత్ర చేసింది." పాలల్లో చెంచా తిప్పుతూ ఈ వాక్యాన్నే తిప్పుకున్నాను నోట్లో. గురివింద గింజ సామెత ఉంది చూడండీ, అది నన్ను చూసే కట్టి ఉంటారు.

బరువా? మూడు కిలోల తొమ్మిది వందలు, ఇందాక మీ నర్సమ్మాయి తూచింది. సూది ఎక్కడ వేస్తారు? ఇక్కడా? పట్టుకున్నాను, వెయ్యండి. బొత్తాం... బొత్తాం... నా వంక చూడకే.

బతుకుతుందా?

చెప్పలేరా. సరే. చెప్పలేనని చెప్పినందుకు మీరే నయం. మా మెట్ల మీద ఎవరికీ రాని మాట అది.

డాక్టరమ్మా, మరి... ఆవిడకి మీరు ఇంకోలా చెప్పొచ్చు కదా? ఏ బల్లినో తిన్నదనో, గండుపిల్లి గోటి విషమనో. మీకైతే అది ఒక్క మాటే.

అలా చూడకండి. నాకు తెలుసు. ఇంకోలా చెబితే ఆవిడ తన కాపడమే చంపిందనుకుంటుంది, బతికినన్నాళ్ళూ. ఆ కొలతల పుస్తకంలో ఆ పేజీ చింపేస్తుంది.

ఏంటి, ఆవిణ్ణి పిలవాలా? సెలైను ఎక్కేటప్పుడు గంటసేపు కదలకుండా పట్టుకోవాలా? నిజమే, నా చేతుల్లో ఇది వణుకుతోంది. ఆవిడ చేతుల్లో అయితే ఉంటుంది.

మీరు పిలవకండి. నేనే వెళ్ళి చెప్పి పంపిస్తాను.

తిడుతుందేమోనని కాదండీ నా జంకు. తిడితే బాగుండును, ఇరవై రెండేళ్ళ బాకీ తీరేది. ఆవిడ తిట్టదు. నాకు బాగా తెలుసు. అంతా విని, ముక్కు తుడుచుకుని, నా మొహం చూసి, "నీ చేతులు చల్లబడిపోయాయి వదినా, ముందు కాస్త గోరువెచ్చటి నీళ్ళు తాగు" అంటుంది.

మీ దగ్గర కెటిల్ ఉందా డాక్టరమ్మా?

ఉంటే పెట్టించండి. తాగుతాను. ఇంకేం చేస్తాను!